పీపాల సందులో తొమ్మిదో కుర్చీ

వెనెరాకు తల్లి వీపు తెలుసు. ముఖం తెలియదు.

ఆ వీపు ఊరందరికీ తెలిసిందే. పెత్రాలూంగా ఊళ్ళో పీపాలు చేసేవాళ్ళ సందు ఒకటుంది. ఒకప్పుడు అక్కడి ఆడవాళ్ళు మధ్యాహ్నం అంట్లు కడిగేసుకుని కుర్చీలు గుమ్మం బయట వేసుకుని కూర్చునేవారు. కూర్చోవడమంటే ఎలాపడితే అలా కాదు. వీధికి వీపు పెట్టి, ముఖం ఎవరి గుమ్మానికి వాళ్ళు తిప్పుకుని. ఒళ్ళో కుట్టుపని. ఎండ తగలాలి, గాలి తగలాలి, దారిన పోయే మగవాడి చూపు మాత్రం తగలకూడదు. పక్కింటావిడతో కబురు చెప్పాలంటే మెడ కాస్త వాలిస్తే చాలు, మాట గోడ పట్టుకుని పాకిపోయేది.

వెనెరా మూడేళ్ళ పిల్లగా ఉన్న రోజుల్లో ఆ సందులోకి ఉత్తరాదిన ఉన్న టొరినో పట్నం నుంచి ఒర్సోలా జానెల్లి వచ్చింది. జుట్టు కురచగా కత్తిరించుకుని, మగవాళ్ళ బూట్లు తొడుక్కుని, మెడలో కెమెరా వేసుకుని వచ్చింది. తాను కళాకారిణినని చెప్పుకుంది. రంగులేవమ్మా అంటే లేవంది. కుంచె ఏదంటే అదీ లేదంది.

"ఒక్క మధ్యాహ్నం మీ కుర్చీలు వీధివైపు తిప్పుకుని కూర్చోండి. అదే నా బొమ్మ" అంది.

సందంతా పగలబడి నవ్వింది. బొమ్మ గీసే కష్టం కూడా మనమీదే పెడుతోందే, గడుసుదేనని చెప్పుకున్నారు. అయినా ఆవిడ కదిలి వెళ్ళలేదు. గుమ్మాల దగ్గర చతికిలబడి చిక్కుళ్ళు ఒలిచిపెట్టింది, పిల్లల్ని ఎత్తుకుంది, తిడితే తిట్లు కూడా శ్రద్ధగా విన్నది. చివరికి ఓ రోజు, ఏం బుద్ధి పుట్టిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు, తిరిగారు. తొమ్మిది కుర్చీల్లో ఎనిమిది తిరిగాయి. తొమ్మిదోది తిరగలేదు. అందులో కూర్చున్నది వెనెరా తల్లి నుంజియా.

ఒర్సోలా ఫొటో తీసింది. అది ఏదో పత్రికలో పడింది. దేశమంతా చూసింది. ఎనిమిది ఇళ్ళలో కంచాలు ఎగిరాయి. ఆదివారం ప్రార్థనలో ఫాదిరీ వేదికెక్కి, ఈ ఊళ్ళో సిగ్గూ శరమూ చచ్చిపోలేదు, పీపాల సందులో ఇంకా ఒక తల్లి ఉంది అన్నాడు. మంగలి ఆ పేజీ చించి తన కొట్టులో అద్దం పక్కన అతికించాడు. ఆ ఊళ్ళో ఏ ఇంటినీ అసలు పేరుతో పిలవరు. ఉప్పువాళ్ళు, నిద్రమొహాలవాళ్ళు, ముగ్గురు గాడిదలవాళ్ళు అంటూ తలో పేరూ ఉంటుంది. వెనెరా వాళ్ళు ఆనాటి నుంచి వీపువాళ్ళయ్యారు.

తర్వాత రెండేళ్ళకు నుంజియా కాన్పులో పోయింది. ఆమెకు వేరే ఫొటో లేదు. లేచిపోయి చేసుకున్న పెళ్ళి. అలాంటి జంటలకు తెల్లవారకముందే, గుడి పక్కగదిలో, పూలూ ఫొటోలూ లేకుండా గుట్టుగా పెళ్ళి చేసి పంపేసేవారు. ఊరు దాటని మనిషికి గుర్తింపు కార్డెందుకని అదీ చేయించలేదు. తండ్రి జర్మనీలో ఇటుకల బట్టీలో పనిచేసేవాడు, పండక్కి వచ్చి పోయేవాడు. అక్కడే ఇంకో సంసారం పెట్టుకుని, రాకడ మానేశాడు. పిల్లను మేనత్త అసూంతా పెంచింది. అందుకోసం పెళ్ళి కూడా మానుకుంది.

అసూంతా వెనెరాకు అన్నం పెట్టింది, చదువు చెప్పించింది, పెళ్ళి చేసింది, పురుళ్ళు పోసింది. ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. "అమ్మ ముక్కు ఎలా ఉండేదత్తా?" అని అడిగితే "ముఖం మధ్యలో ఉండేది" అనేది. "కళ్ళో?" అంటే "ముక్కుకి పైన." ఇంకా అడిగితే ఒకటే మాట: "మీ అమ్మ వీధికి ముఖం చూపించలేదు. నీకది చాలు."

ఆ ఒక్క మాట మీద వెనెరా బతుకంతా నడిచింది. ఊరి పండగ నాట్యానికి వెళ్తానంటే ఆ మాట. కతానియా పట్నంలో బట్టల కొట్టులో ఉద్యోగం వస్తే ఆ మాట. ఎర్ర చెప్పులు కొనుక్కుంటే ఆ మాట. ఇప్పుడు వెనెరాకు యాభై దాటాయి, రొట్టెల దుకాణంలో పనిచేస్తుంది, కూతురు ఇంజనీరింగు చదువుతోంది. అయినా చిన్నప్పుడు మంగలి కొట్టు ముందు నిలబడి అద్దం పక్కని ఆ వీపుకేసి తొంగిచూసిన పిల్ల ఆమె లోపల అలాగే ఉండిపోయింది. మంగలి పోయాడు, కొట్టు పోయింది, ఆ కాగితమూ పోయింది.

ఆ శరదృతువులో ఊరి గోడల మీద పోస్టర్లు వెలిశాయి. ఒకప్పుడు సన్యాసినులుండే పాత కన్యాశ్రమాన్ని మ్యూజియంగా మార్చారు కదా, అందులో ఒర్సోలా జానెల్లి జీవితకాలపు పనులన్నీ ప్రదర్శిస్తున్నారు. మొదటిరోజు ఆవిడే స్వయంగా వస్తోంది. పోస్టరు చూసిన పూటే వెనెరా నిర్ణయించుకుంది. ఫొటో తీసిన మనిషికి కళ్ళున్నాయి. ఆ కళ్ళు అమ్మ ముఖాన్ని చూసి ఉంటాయి. అడిగి తీరాలి.

"నేను రాను" అంది అసూంతా. "మోకాలు."

"నిన్న సంతకి నడిచావు కదత్తా."

"సంత పల్లంలో ఉంది. మ్యూజియం ఎత్తులో ఉంది."

"బస్సుంది."

"పొయ్యి మీద శనగలున్నాయి. అయినా ఏముందక్కడ చూడ్డానికి? ఎనిమిదిమంది సిగ్గులేనోళ్ళు. వాళ్ళని రోజూ చూస్తూనే ఉన్నాం."

"సరే, నేనొక్కదాన్నే వెళ్ళొస్తా."

అసూంతా గరిటె పక్కన పెట్టింది. తర్వాత పొయ్యి ఆర్పేసి లోపలికి వెళ్ళి నల్ల శాలువా కప్పుకుని వచ్చింది. "ఒక్కదానివి వెళ్ళి ఆ టొరినో ఆవిడ చెప్పే సోదంతా నమ్మొస్తావు" అంది.

*

మ్యూజియంలో జనం బాగానే ఉన్నారు. మేయరు మాట్లాడాడు, ఎవరూ వినలేదు. వెనెరా ఒక్కో గదీ చూస్తూ నడిచింది. ఇవేనా కళంటే అన్న అనుమానంతో లోపలికి వచ్చింది గానీ, చూస్తున్నకొద్దీ కాళ్ళు ముందుకు పడటం తగ్గింది.

ఒక గదిలో పొడవాటి బల్ల మీద తెల్లటి దుప్పటి. దుప్పటి నిండా కాఫీ కప్పుల అడుగున పడే గుండ్రటి మరకలు. విప్లవం గురించి చర్చించుకునే మగ కళాకారులకు తాను కాఫీలు అందించిన బల్లగుడ్డ ఇదని గోడ మీద రాసి ఉంది. ఏ సమావేశంలోనూ తనను కూర్చోమనలేదట. ఇంకో గదిలో ఒర్సోలా మొగుడి చొక్కాలు, ఇస్త్రీ చేసి మడతపెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చిన స్తంభం, గది పైకప్పును తాకుతోంది. వెనెరా తల పైకెత్తి చూసింది.

"కిందది లాగితే?" అంది.

"లాగకండి" అంది పక్కనున్న ఇలారియా. పలెర్మో పట్నం నుంచి వచ్చిన ఆ పిల్లే ఈ ప్రదర్శన చేయించింది. "అందరూ అదే అడుగుతున్నారు."

"మా ఇంట్లో ఇదే ఉందమ్మా, కాకపోతే ఇస్త్రీ చెయ్యకుండా" అంది వెనెరా. ఇలారియా నవ్వింది. అసూంతా నవ్వలేదు. ఆమె ప్రతి గదిలోకీ ముందు తల పెట్టి, ఎవరున్నారో చూసుకుని, తర్వాత కాలు పెడుతోంది.

చివరి గదిలో గోడంత ఫొటో. దాని ముందు ఇలారియా తొమ్మిది కుర్చీలు వేయించింది, ఫొటోను చూస్తూ కూర్చోవడానికి. పీపాల సందు ముసలమ్మలు అప్పటికే వచ్చి కూర్చున్నారు. కూర్చునే ముందు, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, కుర్చీలన్నీ ఎత్తి ఎదుటి గోడ దగ్గరికి తిప్పి వేసుకుని, వీపులు గది మధ్యకూ ముఖాలు ఖాళీ గోడకూ పెట్టుకుని హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎనిమిదిమందిలో ఫొటోలో ముందుండే తిందారా కూడా గోడనే చూస్తోంది.

"అమ్మా, బొమ్మ అటు ఉంది" అంది ఇలారియా, ఏడుపు మొహం పెట్టి.

"చూశాం కదే పిల్లా. అందులో ఉన్నది మేమే" అంది తిందారా. "ఇలా కూర్చుంటేనే మాట తిన్నగా పోతుంది. నడుముకి కూడా సుఖం." అంతలో మెడ వాల్చి చూసి కేకేసింది. "ఎవరొచ్చారో చూడండే! పతివ్రత ఆడపడుచు! ఏమే అసూంతా, కళ్ళు మూసుకుని వచ్చావా, తెరుచుకుని వచ్చావా?"

"నీలాంటి వాళ్ళని చూడాలంటే సగం మూసుకుంటే చాలు" అంది అసూంతా.

"ఆ సగం కన్నుతోనే యాభై ఏళ్ళు మమ్మల్ని కాల్చుకు తిన్నావు కదే తల్లీ. నేను గుడికొస్తే పక్క బెంచీకి మారిపోయేది" అని తిందారా పక్కనున్నవాళ్ళకు చెప్పింది, అది వాళ్ళకు తెలియనట్టు.

వెనెరాకు ఇవేవీ వినిపించడం లేదు. ఆమె ఫొటో దగ్గరికి వెళ్ళి తొమ్మిదో కుర్చీ ముందు నిలబడింది. మంగలి కొట్టులో అది చేతి గోరంత ఉండేది. ఇప్పుడు మనిషంత ఉంది. జుట్టు ముడి, ముడిలోంచి జారిపోతున్న పిన్ను, మెడ మీద చెమటకు అంటుకున్న సన్న వెంట్రుకలు, జాకెట్టుకు ఒక కుట్టు వదిలిన చోటు. ఇన్నేళ్ళూ కనబడనివి. ఒకటి మాత్రం కొరుకుడు పడలేదు. కుడి మోచెయ్యి. కుట్టుకునే మనిషి మోచెయ్యి ఒళ్ళోకి దిగి ఉంటుంది. ఇది పైకి మడిచి ఉంది. తల పక్కన, గోడకు అడ్డంగా, పలచటి తెల్ల మరక కూడా ఉంది.

"ఇది ఫొటో పాడవడమా అమ్మా?"

"మేమూ అలాగే అనుకున్నాం" అంది ఇలారియా. "కడిగి శుభ్రం చేద్దామంటే ఒర్సోలాగారు ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పలేదు."

*

ఒర్సోలా గది మూలన చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తొంభైకి దగ్గరపడిన మనిషి. జుట్టు ఇప్పటికీ కురచే, తెల్లగా. జనం వచ్చి పొగడుతుంటే, ఎప్పుడు పోతారా అన్నట్టు వాళ్ళ చెప్పులకేసి చూస్తోంది. వెనెరా ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఇంటి దగ్గర అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"అమ్మా, నా పేరు వెనెరా. ఆ తొమ్మిదో ఆవిడ కూతుర్ని."

ఒర్సోలా తల ఎత్తింది. "నుంజియా కూతురివా? గౌను ఎత్తిపట్టుకుని సందంతా తిరిగేదానివి. నా కెమెరా మూత నమిలేశావు."

"నాకు గుర్తులేదు. అమ్మ కూడా గుర్తులేదు. ఆ తర్వాత రెండేళ్ళకే పోయింది."

"విన్నాను. ఆలస్యంగా విన్నాను."

"నాకొకటే చెప్పండి. అమ్మ ముఖం మీరు చూశారా? ఎలా ఉండేదో చెప్పగలరా? నాకు ఫొటో కూడా లేదు. ఈ వీపే ఉంది."

ఒర్సోలా చేతికర్ర నేలకు ఆనించి దాని పిడి మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"ఆ రోజు ఎనిమిదిమందీ తిరిగాక నాకు ఆ ఒక్క వీపే కనబడింది. కోపమొచ్చింది. వెళ్ళి అడిగాను, ఎందుకు తిరగవు, దేనికి భయమని. మీ అమ్మ వెనక్కి చూడకుండానే అంది: 'నా ముఖం చూడాలంటే వీధిలో నిలబడితే ఎలా? ఇంట్లోకి రా.' నిజమే కదా. నేను కుర్చీ పక్కనుంచి దూరి వంటింట్లోకి వెళ్ళి ఇటు తిరిగాను. చూశాను. చూసి ఫొటో తీశాను."

వెనెరా ముందుకు వంగింది. "ఫొటో ఉందా?"

"ఉంది. ఈ భవనంలోనే ఉంది. నా సామానంతా ఈ పిల్లకే ఇచ్చేశాను."

"మరి చూపించండి!"

"అక్కడే ఉంది చిక్కు" అంది ఒర్సోలా. "మీ అమ్మ, ఇది వీధికి కాదు సుమా, అంది. మాటిచ్చాను. నువ్వు వీధివి కాదు, నీకు చూపిస్తే తప్పులేదు. కానీ అందులో ఇద్దరున్నారు. రెండో పిల్ల నా చెయ్యి పట్టుకుని, నేను బతికుండగా ఎవరికీ చూపించొద్దని ఏడ్చినంత పని చేసింది. ఆవిడకీ మాటిచ్చాను. ఆవిడ బతికే ఉంది."

"ఎవరావిడ? నేను వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"పేరు చెప్తే మాట తప్పినట్టే కదా అమ్మాయీ. ఆవిడ వచ్చి సరే అనాలి. అంతే." ఒర్సోలా మళ్ళీ జనం చెప్పులకేసి చూడటం మొదలుపెట్టింది.

వెనెరా వెనక్కి తిరిగింది. గోడకు ముఖం పెట్టిన వీపుల వరస కనబడింది. వీళ్ళలో ఎవరు? ఆ వేళకి వీళ్ళంతా వీధిలో కూర్చుని ఉన్నారు కదా, లోపల ఎలా ఉంటారు? అయినా అడిగింది.

"తిందారా పెద్దమ్మా, ఆ ఫొటో రోజు మా ఇంట్లో మా అమ్మతో ఎవరైనా ఉన్నారా?"

"మాకేం తెలుస్తుందే? జీవితంలో మొదటిసారి వీధికేసి చూస్తున్నాం ఆ పూట. పక్కింట్లో ఏనుగున్నా కనబడదు" అంది తిందారా. "మీ అత్తనడుగు. ఆ ఇంట్లో ఉండేదదే."

అసూంతా తలుపు దగ్గరి బెంచీ మీద, బస్సుకోసం కూర్చున్నట్టు కూర్చుని ఉంది.

"అత్తా, ఆ రోజు లోపల అమ్మతో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. పద, ఐదింటి బస్సు పోతుంది."

"ఫొటో ఉందట. అమ్మ ముఖం ఉందట అందులో. ఇంకొకావిడ ఒప్పుకుంటే చూపిస్తానంటోంది."

"ముసలిదానికి మతి పోయింది. మీ అమ్మ వీధికి ముఖం చూపించలేదు. నీకది..."

"చాలదు." వెనెరా ఆ మాట గట్టిగా అనలేదు. అత్త పక్కన కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని అంది. "చాల్లేదత్తా ఎప్పుడూ. నీకు తెలుసా, చచ్చినవాళ్ళ పండక్కి నువ్వు నన్ను స్మశానానికి తీసుకెళ్ళేదానివి కదా. ప్రతి సమాధి మీదా గుండ్రటి బిళ్ళలో పోయినవాళ్ళ ముఖం ఫొటో ఉండేది. అమ్మ దాని మీద పేరొక్కటే. నేనేం చేసేదాన్నో చెప్పనా? పక్క సమాధి మీద పోస్టుమాస్టరు పెళ్ళాం ఉండేది కదా, ముత్యాల దండ వేసుకుని. ఆవిడ ముఖాన్ని అమ్మ ముఖం చేసుకున్నాను. ఆవిడకే చెప్పుకునేదాన్ని అన్నీ. పదేళ్ళొచ్చేవరకూ ఆవిడే మా అమ్మ."

అసూంతా మెల్లగా ఆమెకేసి తిరిగింది.

"ఎవరూ? ఆ ఆముదం తాగిన మొహందాన్నా?"

"అవును."

"ఆ గుర్రప్పళ్ళదాన్నా? మా వదిన అనుకున్నావా?" అసూంతా గొంతు లేచింది. "మా వదిన ఎక్కడ, అదెక్కడ! మా వదిన కాలి గోటికి సరిపోతుందా అది? మా వదిన నవ్విందంటే..." ఆగిపోయింది.  ముసలమ్మల కుర్చీలన్నిట్లోనూ మెడలు వాలాయి.

వెనెరా అత్తను చూస్తూ ఉండిపోయింది. యాభై ఏళ్ళలో "మీ అమ్మ" అనడమే విన్నది. "మా వదిన" అనడం ఇదే మొదలు.

అసూంతా లేచింది. తలుపు పక్కనే ఉంది. అందరూ ఆమె వెళ్ళిపోతుందనుకున్నారు. రెండడుగులు అటే వేసింది కూడా. తర్వాత శాలువా భుజం మీదికి విసురుకుని, గది మధ్యగా, తిందారాను దాటుకుని, ఒర్సోలా ముందుకు నడిచింది. మోకాలి సంగతి మర్చిపోయింది.

"ఏమమ్మా టొరినో ఆవిడా. నన్ను గుర్తుపట్టలేదా?"

"గుమ్మంలోనే పట్టాను" అంది ఒర్సోలా. "మాటిచ్చాను కదా, పట్టనట్టు కూర్చున్నాను. చాలా కష్టమైంది. ముఖం ఏమీ మారలేదు నీది, చిరాకు మాత్రం పెరిగింది."

"చూపించు దానికి."

"నిజంగానా?"

"చూపించమంటున్నాను కదా! ఎన్నిసార్లు అడిగిస్తావు? ఊరందరి ముందూ పాట పాడమంటావా?"

*

వెనక గది చిన్నది. ఒకప్పుడు అది కన్యాశ్రమంలో రొట్టెల పిండి దాచుకునే గది. ఇలారియా చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని అట్టపెట్టెలోంచి పలచటి కాగితం విప్పింది. కొద్దిగా పక్కకు జరిగింది.

వెనెరా ముందు వెలుతురే చూసింది. వీధి వెలుతురు, వాకిలంతా నిండి, అందులో కుర్చీ. కుర్చీలో ఒక పిల్ల. అవును, పిల్లే. ఇరవై ఆరేళ్ళ పిల్ల. వెనెరా తల్లిని చూడబోతున్నానని వంగింది గానీ, తన కూతురి ఈడు పిల్ల ఎదురైంది. ముఖం గుండ్రంగా ఉంది. ముక్కు కొంచెం మొద్దు. పై పళ్ళ మధ్య సందు. ఎడమ కనుబొమ్మలో చిన్న కోత, ఎప్పుడో పడ్డ దెబ్బ. తనలో ఆ పోలిక ఒక్కటీ లేదు. తాను తండ్రి పోలిక కాబోలు. ఆ పిల్ల తల కాస్త వెనక్కి వాల్చి, కళ్ళు చికిలించి, నోరంతా తెరిచి నవ్వుతోంది. కుడి చెయ్యి పైకి మడిచి ఉంది. వేళ్ళ మధ్య సిగరెట్. పొగ తల పక్కనుంచి వీధివైపు పోతోంది.

గుమ్మం లోపల, నేల మీద, వీధిలోవాళ్ళకు కనబడకుండా గోడకు అతుక్కుని ఇంకో పిల్ల కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. బుగ్గలు ఉబ్బించి పొగ పట్టుకుని, తన వంతు సిగరెట్ కోసం చెయ్యి చాపి ఉంది.

 వెనెరా మెల్లగా అత్తవైపు చూసింది.

"అన్నయ్య జర్మనీ నుంచి తెచ్చినవి" అంది అసూంతా, గోడకు చెప్తున్నట్టు. "పెట్టెడు మర్చిపోయి వెళ్ళాడు. రోజుకొకటి. ఇద్దరికీ కలిపి ఒకటి. వదిన వీధికి వీపు పెట్టుకుని కూర్చునేది, ఎవరు చూస్తారు? కుట్టుకుంటోందనుకునేవారు. పొగ వస్తే పొయ్యి పొగనుకునేవారు. కుర్చీ తిప్పమంటే ఎలా తిప్పుతుంది? అప్పుడే ముట్టించుకుంది."

"సిగ్గుపడి కాదన్నమాట" అంది వెనెరా.

"సిగ్గా? మా వదినకా?" అసూంతా నవ్వబోయి ఆగింది. "ఫాదిరీ అలా పొగిడేసరికి నాకు నోరు పెగల్లేదు. వదిన మాత్రం దుప్పటి కప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తర్వాత తను పోయింది. మీ నాన్న అటు జారుకున్నాడు. తల్లి లేని పిల్ల, లేచిపోయి చేసుకున్న పెళ్ళి పిల్ల, రేపు దీనికి సంబంధం ఎవరిస్తారని ఊరు చెవులు కొరుక్కుంటోంది. నా దగ్గర ఏముంది నీకివ్వడానికి? ఆ వీపొక్కటే ఉంది. దాన్నే పట్టుకున్నాను. పట్టుకుంటూ పట్టుకుంటూ నేనే నమ్మేశాను."

వెనెరాకు కతానియా కొట్టు గుర్తొచ్చింది, ఎర్ర చెప్పులు గుర్తొచ్చాయి. కోపం రావలసిన చోటు అది. వచ్చింది కూడా. కానీ కళ్ళు ఆ నవ్వు మీదనుంచి రాలేదు. ముందు అది చూడాలి, కోపం తర్వాత.

ఒర్సోలా చేతికర్ర తాటించుకుంటూ దగ్గరికొచ్చింది. "నేనొకటి అడగాలి. యాభై ఏళ్ళుగా అడగాలనుకుంటున్నాను. ఎందుకు నవ్వింది? నేను లోపలికొచ్చి ఇటు తిరిగానో లేదో, పకపకా నవ్వింది. నన్ను చూసే నవ్విందనుకున్నాను. ఈ ఉత్తరాది మనిషికి మా గురించి ఏం తెలుసు, మమ్మల్ని తిప్పడానికొచ్చింది అని. ఆ నవ్వుతోనే నా పని మారిపోయింది. ఆ తర్వాత ఏ ఆడమనిషినీ ఇటు తిరగమని అడగలేదు. నేనే లోపలికి వెళ్ళడం మొదలుపెట్టాను. బల్లగుడ్డ, చొక్కాలు, అవన్నీ ఆ తర్వాతవే."

"నిన్ను చూసే నవ్వింది" అంది అసూంతా. "వానలు పడ్డాయి కదా, వండుకుందామని నత్తలు ఏరుకొచ్చి తవుడు వేసి బుట్టలో పెట్టాం. మూత మీద రాయి పెట్టడం మర్చిపోయాను. గోడ నిండా అవే. నువ్వు ఆ గోడకి ఆనుకుని, వంగి, ఒక కన్ను మూసి, మహా గంభీరంగా ఫొటో తీస్తున్నావు. ఒక నత్త నీ కాలరు మీదినుంచి చెవికేసి పోతోంది."

ఒర్సోలా నోరు తెరిచింది. మూసింది. చెయ్యి తనకు తెలియకుండానే చెవి దగ్గరికి వెళ్ళింది.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే కదులుతావు కదా. ఎంతవరకు పోతుందో చూద్దామని వదిన సైగ చేసింది."

ఇలారియా ముందు నవ్వింది. తర్వాత ఒర్సోలా, భుజాలు ఊగేలా, దగ్గొచ్చేదాకా. తలుపు సందులోంచి తిందారా తల లోపలికొచ్చింది.

"ఏంటే మీలో మీరే? నత్తలంటున్నారు, నవ్వుతున్నారు. నన్నూ చూడనివ్వండి."

అసూంతా ఫొటోకు అడ్డంగా నిలబడింది. తిందారాను పైనుంచి కిందదాకా చూసింది. ఈ మనిషి పక్కన కూర్చోకుండా యాభై ఏళ్ళు గుడిలో పక్క బెంచీకి మారింది తను. ఇప్పుడు తిందారా ఇది చూసిందంటే ఆ కబురు రేపు పొద్దున్నకి రొట్టెల దుకాణం దగ్గర, మధ్యాహ్నానికి సంతలో, ఆదివారానికి గుడిలో.

"లోపలికి రా" అంది చివరికి. "తలుపెయ్యి. నోరు కూడా."

తిందారా వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. ఒకసారి ఫొటోకేసి, ఒకసారి అసూంతాకేసి. 

"దొంగముండలు" అంది, ఎంతో ప్రేమగా. "నాకొక్క పీల్పు ఇచ్చారా! పక్కింట్లోనే చచ్చాను కదా."

"నువ్వు మీ ఆయనకి చెప్పేసేదానివి."

"చెప్పేదాన్నే. అది వేరే సంగతి." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మన నుంజియా. అదే పళ్ళ సందు. దాంట్లోంచి ద్రాక్ష గింజ ఉమ్మితే ఎదురింటి గోడకి తగిలేది."

"గోడకి కాదు, మీ కిటికీకి" అంది అసూంతా. "గురి చూసి కొట్టేది."

వెనెరా కుర్చీ లాక్కుని ఫొటో ముందు కూర్చుంది. ఇద్దరు ముసలమ్మలూ ఆమె తల మీదుగా గింజ ఎంత దూరం పోయేదో వాదించుకుంటున్నారు. ఇన్నేళ్ళూ చినుకు కూడా పడని చోట ఒక్కసారిగా కుండపోత. ఆమెకు అన్నీ ఒకేసారి కావాలనిపించింది. దేన్నీ వదులుకోలేక చెయ్యి ఎత్తి ఆపింది.

"నెమ్మదిగా అత్తా. ముఖం చూశాను. ఇప్పుడు గొంతు చెప్పు. గొంతెలా ఉండేది?"

అసూంతా ఆలోచించింది. అది ఎలా చెప్పడం? సన్నగా అంటే చాలదు, బొంగురుగా అంటే తప్పు. పెదాలు తడుపుకుంది. తర్వాత తల కాస్త వెనక్కి వాల్చి, ఎదురింటి మేడమీద ఉన్న మనిషిని కేకేసినట్టు, కొంచెం ముక్కుతో, చివర సాగదీస్తూ, వదిన పిలిచినట్టే తన పేరు తానే పిలుచుకుంది.